పాత కారు మోసుకొచ్చే బాకీ

కార్ల గురించి నలుగురు మాట్లాడుకునే ప్రతిచోటా ఒక సలహా వినిపిస్తుంది: రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటిందా, ఇక దాన్ని వదిలించుకోవాల్సిందే. లెక్క తెలిసినవాళ్ళ మాటలాగే ఉంటుంది. ఈమధ్య అదే మాట మళ్ళీ, అంతే ధీమాగా చెప్పగా విన్నాక, లెక్క ఎక్కడ తప్పుతోందో కాస్త తీరిగ్గా రాయాలనిపించింది. పాత కారు తీసేసి ఇంకోటి కొనేవాళ్ళ పొరపాట్లు చాలావరకు ఈ ఒక్క సూత్రం దగ్గరే మొదలవుతాయి.

రిపేరు బిల్లును ఉన్న కారు అమ్ముడుపోయే ధరతో పోల్చి ప్రయోజనం లేదు. అమ్మాలనుకుంటేనే ఆ ధరతో పని. వాడుకోవాలనుకునేవాళ్ళు పోల్చుకోవాల్సింది, దాని స్థానంలోకి వచ్చే కారు మొదటి ఏడాది ఎంత మింగుతుందో దానితో. తెచ్చుకునే సెకండ్ హ్యాండ్ కారు ధర 100 అనుకుందాం. ఏడాది తిరిగేసరికి దాని విలువ ఒక 10 తగ్గుతుంది. పేరు మార్పిడి, పన్ను, ఇన్సూరెన్సులో తేడా కలిపి 4. టైర్లు, ఆయిళ్ళు, బ్యాటరీ, అమ్మినవాళ్ళు వాయిదా వేస్తూ వచ్చిన ఏదో ఒక పెద్ద పని కలిపి 10. మొత్తం 24. ఇంట్లో ఉన్న కారు విలువ 20. క్లచ్చూ సస్పెన్షనూ చేయిస్తే 12 అవుతుందని మెకానిక్ చెప్పాడు. సగం సూత్రం ప్రకారం ఈ కారు పోవాలి. ఖర్చు ప్రకారం ఉండాలి. పైగా 12 పెడితే వచ్చేది కొత్త క్లచ్. 24 ఖర్చయ్యాక కూడా ఆ రెండో కారు క్లచ్ ఇంకెన్నాళ్ళు ఆగుతుందో ఎవరికీ తెలీదు.

ఆ తెలీనిదాన్నే నేను బాకీ అంటున్నాను. ప్రతి పాత కారూ ఎంతో కొంత బాకీతో వస్తుంది: గడువు దాటినా చేయించని పనులు, గడువు దగ్గరపడ్డ పనులు, ఎవరికీ కనబడకుండా లోపల అరుగుతున్న భాగాలు. అమ్మకం ప్రకటనలో దీన్నెవరూ రాయరు. అసలు చాలా కార్లు అమ్మకానికి వచ్చేదే ఒక పెద్ద ఖర్చు గుమ్మం దాకా వచ్చినప్పుడు. కాబట్టి తక్కువ ఖర్చులో నమ్మకంగా నడిచే కారు కావాలనుకునేవాళ్ళు ముందు వెతకాల్సింది బాకీ ఎంతో స్పష్టంగా తెలిసిన కారు కోసం. బాకీ ఎక్కువున్నా ఫరవాలేదు. తెలిస్తే బేరంలో తీసేయొచ్చు.

అలాగని పాతదాన్ని చివరిదాకా పట్టుకు వేలాడమని కాదు. అడుగున, డోర్ల కింది అంచుల్లో, సస్పెన్షన్ బిగించే చోట తుప్పు పట్టి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతుంటే ఆ కారుకు ఎంత పెట్టినా వృథానే. విడిభాగాలు దొరక్క వారాల తరబడి షెడ్డులో నిలబడే కారు, నడిచిన రోజుల్లో ఎంత చవగ్గా నడిచినా పనికొచ్చే కారు కాదు. ఇక నీళ్ళలో మునిగి వైరింగు పాడైన కారయితే, ఒక కనెక్టర్ శుభ్రం చేసేలోపు ఇంకోటి మొరాయిస్తుంది. మంచి ఎలక్ట్రీషియన్ కూడా ఇన్ని గంటల్లో అవుతుందని మాట ఇవ్వలేడు. ఈ మూడు సందర్భాల్లో పై లెక్క పనిచేయదు.

కిలోమీటర్లకో గడువు, ఏళ్ళకో గడువు

బాకీ లెక్కలో మొదట చూడాల్సింది టైమింగ్ బెల్టు. ఇంజన్‌లో కింద పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌నీ పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌నీ కలిపి తిప్పే పళ్ళ రబ్బరు బెల్టు ఇది. ఇంజన్‌ను బట్టి 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట మార్చమని తయారీదారు చెబుతాడు. దాంతోపాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది. రెండిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. చాలా ఇంజన్లలో ఈ బెల్టు తెగితే పైకొచ్చే పిస్టన్లు తెరుచుకుని ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, ఇంజన్ పైభాగమైన హెడ్‌ను దింపాలి, బిల్లు కారు ధరతో పోటీపడుతుంది. రాత్రి బాగా నడిచిన కారు పొద్దున్నే ఈ స్థితికి రావడానికి ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండకపోవచ్చు.

'బెల్టు మార్చాం' అని అమ్మేవాళ్ళు అంటారు. బిల్లు అడగాలి. అందులో బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలు, ఆ బెల్టే తిప్పేదయితే వాటర్ పంపు కూడా ఉన్నాయా చూడాలి. బెల్టొక్కటే వేసి ఉంటే అది సగం పని. పాత టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. వాటర్ పంపు ఆర్నెల్ల తర్వాత కారితే ఇదంతా మళ్ళీ విప్పాలి, కూలీ రెండోసారి. బిల్లు లేకపోతే మార్చలేదని రాసుకోవడమే క్షేమం.

బెల్టుకు బదులు చైన్ ఉన్న ఇంజనయితే జీవితాంతం చూసుకోనక్కర్లేదంటారు. ఆయిల్ సమయానికి మార్చినంత కాలమే ఆ మాట నిజం. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ మీద ఆధారపడుతుంది. మురికి ఆయిల్‌తో తిరిగిన చైన్ లింకులు అరిగి సాగుతాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్ల పాటు గలగలమని, తర్వాత సద్దుమణిగితే, అనుమానించాల్సింది దాన్నే.

మూడో రకం ఇంకా చిత్రం: ఆయిల్‌లో మునిగి తిరిగే బెల్టు. ప్యూజో, సిట్రోయెన్ కార్లలోని 1.2 లీటర్ ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజన్ వల్ల దీని పేరు బాగా బయటికొచ్చింది. బెల్టు పెచ్చులూడి, ఆ ముక్కలు ఆయిల్ పీల్చుకునే జల్లెడకు అడ్డం పడతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఇలాంటి ఇంజన్ ఉన్న కారును వద్దనక్కర్లేదు. కానీ సరైన గ్రేడు ఆయిల్ వాడినట్టు బిల్లులు లేకుండా, బెల్టు పరిస్థితి చూడకుండా కొనడం మాత్రం జూదం.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌కు చాలా కార్లలో అయిదేళ్ళ గడువు. మామూలు 12 వోల్టుల బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్ళు. ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి. షాక్ అబ్జార్బర్లు అయితే 80,000 దాటాక అనుమానంగానే చూడాలి, గతుకుల దారుల్లో తిరిగిన బండికి ఇంకా ముందే.

టైర్ల గురించి మాత్రం కొంచెం ఆగాలి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాడి లోతు ఎంతున్నా పదేళ్ళ టైరును మార్చాల్సిందే. అరుగుదల కూడా కథ చెబుతుంది. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటు తప్పింది, లేదా సస్పెన్షన్ బుష్ పోయింది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ పెట్టారు, రెండంచులూ అరిగితే తక్కువ. చేత్తో తడిమితే అలలు అలలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు చచ్చాయి. నాలుగూ ఒకే కంపెనీవి, మంచివి ఉన్నాయంటే యజమాని బండి మీద పెట్టడానికి వెనకాడని మనిషని తెలుస్తుంది. నాలుగు చక్రాలకు నాలుగు ఊరూ పేరూ లేని టైర్లున్న కారులో, కంటికి కనబడని ఆయిల్ మీద డబ్బు పెట్టి ఉంటారని నమ్మడం కష్టం.

తక్కువ రీడింగ్ మీదున్న మోజు కూడా ఇక్కడే తేలిపోతుంది. పదేళ్ళ కారు 30,000 కిలోమీటర్లే తిరిగిందంటే చాలామందికి నోరూరుతుంది. దానికి టైర్లు, బెల్టు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీ ఏళ్ళ లెక్కన గడువు దాటి ఉంటాయి. రబ్బరు సీళ్ళు ఎండి ఉంటాయి. అయిదేసి నిమిషాల ప్రయాణాలకే వాడి ఉంటే ఇంజన్ ఎన్నడూ పూర్తిగా వేడెక్కి ఉండదు. సర్వీసు బిల్లులన్నీ ఉన్న లక్షా ఇరవై వేల కిలోమీటర్ల హైవే కారు దీనికన్నా నయమని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళవల్లే ఆ రెండో రకం కారు చవగ్గా దొరుకుతుంది.

బ్రాండ్ కంటే ముందు ఇంజన్, గేర్ బాక్సు

'ఫలానా కంపెనీ కారు చెడిపోదు' అన్న మాటను కొట్టిపారేయలేం. సగటు తీస్తే కొన్ని మోడళ్ళు నిజంగానే తక్కువ ఇబ్బంది పెడతాయి. చిక్కు రెండు చోట్ల. ఆ మంచి పేరుకు ధర ముందే కలిసిపోయి ఉంటుంది. పైగా సగటు కారును ఎవరూ కొనరు, ఒక ఫలానా కారును కొంటారు. మూడేళ్ళు ఆయిల్ మార్చని మంచి పేరున్న కారు కంటే ఏడాదికోసారి తప్పకుండా మార్చిన మామూలు కారు ఎక్కువ కాలం నడుస్తుంది. ఇంకో సంగతి: ఒకే మోడల్‌లో, ఒకే ఏడాది, రెండు మూడు ఇంజన్లు, రెండు మూడు గేర్ బాక్సులు వస్తాయి. ఒక జత పది కాలాలు ఆగితే ఇంకో జత షెడ్డుకు అలవాటు పడుతుంది. అందుకే మోడల్ పేరుతో కాకుండా ఇంజన్ కోడ్‌తో, గేర్ బాక్సు రకంతో వెతికితే అసలు సమాచారం దొరుకుతుంది.

తక్కువ ఖర్చే ముఖ్యమనుకుంటే, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని, సిలిండర్‌కు గాలి వెళ్ళే దారిలోకి (ఇంటేక్ పోర్టు) పెట్రోల్ చిమ్మే సాదా ఇంజన్, మాన్యువల్ గేర్ బాక్సు ఇప్పటికీ గట్టి జోడీ. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో ఇంటేక్ వాల్వుల వెనక పెట్రోల్ తగలదు కాబట్టి అక్కడ మసి గట్టిపడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు దాన్ని గీకించాల్సి వస్తుంది. మాన్యువల్‌లో కూడా ఒక దాగిన ఖర్చుంది. ఇంజన్ కుదుపులను తట్టుకునేలా రెండు భాగాలుగా చేసిన చక్రం, అంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, ఉన్న కారుకు క్లచ్ మార్చేటప్పుడు చాలాసార్లు దాన్నీ మార్చాల్సి వస్తుంది, బిల్లు రెట్టింపవుతుంది. క్లచ్ జారుతోందో లేదో తెలుసుకోవడం సులువు: మూడో గేరులోనో నాలుగో గేరులోనో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది.

ఆటోమేటిక్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న పాతరకం ఆటోమేటిక్ గట్టిది, కానీ దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాటను పట్టించుకోవద్దు. గేర్ బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు లేదా ఎనిమిదేళ్ళకు మార్చుకోమంటుంది. నిలబడి ఉన్న కారును డ్రైవ్‌లోకి, రివర్స్‌లోకి వేసి చూడాలి. సెకను దాటి ఆలస్యమైనా, డబ్బుమని తగిలినా మంచిది కాదు. గేర్ల మెట్లు లేకుండా బెల్టూ పుల్లీలతో నడిచే సీవీటీకి ఆయిల్ మార్చిన దాఖలా తప్పనిసరి. కదిలేటప్పుడు వణుకు, వేగం పెరుగుతుంటే ఈల లాంటి చప్పుడు దాని జబ్బు గుర్తులు. ఆయిల్ తగలని రెండు క్లచ్‌లతో (డ్రై క్లచ్) గేర్లు తానే మార్చుకునే డ్యూయల్ క్లచ్ గేర్ బాక్సును ఇరుకు ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోయేటప్పుడు, ఎత్తు మీదకు రివర్స్‌లో ఎక్కించేటప్పుడు పరీక్షించాలి. ఖాళీ రోడ్డు మీద అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డే చూపిస్తారు.

బేరానికి దిగే ముందు అయిదు వస్తువుల ధర కనుక్కోవాలి: నాలుగు టైర్లు, ఒక హెడ్‌లైటు, ముందు అద్దం, క్లచ్ సెట్టు, ముందు బంపర్. కారు ఖరీదైనదో కాదో ఈ అయిదే చెబుతాయి. 18 అంగుళాల చక్రాలకు టైరు ధర ఎక్కువ, పక్కగోడ పొట్టిగా ఉండటం వల్ల గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. అదే మోడల్‌లో కింది వేరియంట్‌కు 15 అంగుళాలు వస్తాయి, మెత్తగా కూడా నడుస్తుంది. కొన్ని ఎల్‌ఈడీ హెడ్‌లైట్లలో బల్బు మార్చే వీలుండదు, మొత్తం యూనిట్ కొనాలి. అద్దం వెనక కెమెరా ఉంటే అద్దం మార్చాక దాన్ని మళ్ళీ సరిచేయించాలి, దానికో బిల్లు. సన్‌రూఫ్ నీళ్ళ గొట్టాలు పూడిపోతే వాననీళ్ళు కార్పెట్ కిందికి చేరతాయి. పైవేరియంట్ పాతది తక్కువకు వస్తోందంటే ఇవన్నీ దానితో పాటే వస్తున్నాయని అర్థం.

మైలేజీ దగ్గర జరిగే పొరపాటు

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క కంటిని మోసం చేస్తుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే ఇల్లనుకుందాం. లీటరుకు 12 ఇచ్చే కారు తీసి 15 ఇచ్చేది తెస్తే 833 లీటర్ల నుంచి 667కు దిగుతాం, 166 లీటర్లు మిగులు. 20 ఇచ్చేది తీసి 25 ఇచ్చేది తెస్తే 500 నుంచి 400, మిగులు 100 మాత్రమే. అయిదు పెరిగిన చోట కంటే మూడు పెరిగిన చోట ఎక్కువ మిగిలింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో రాసింది ఈ భ్రమ గురించే. అందుకే 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిరగేసి చూసుకోవాలి. బాగా తాగే కారును వదిలించుకోవడంలో లాభం ఉంది. ఇప్పటికే 20 ఇస్తున్న కారును మైలేజీ కోసం మార్చడంలో అంత లేదు. 100 లీటర్ల ధరను రెండు కార్ల మధ్య తేడాతో పోల్చి చూస్తే చాలాసార్లు ఆ బేరం అక్కడే ఆగిపోతుంది.

డీజిల్ సంగతి కూడా తిరిగే తీరును బట్టే. కొత్తతరం డీజిల్ కారు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ సుమారు 600 డిగ్రీలకు వేడెక్కాలి, అంటే ఆగకుండా ఓ ఇరవై నిమిషాలు హైవే మీద పరుగెత్తాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్ళ కారుకు ఆ అవకాశం రాదు. మసి కాల్చడానికని ఇంజన్ అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం గరిష్ఠ గీత పైన కనిపిస్తుంది. ఆయిల్ తగ్గలేదు కదా అని సంతోషించే యజమానులుంటారు. అది పల్చబడి బేరింగులను తినేస్తున్న ఆయిల్.

పెట్రోల్ ఇంజన్, ఎలక్ట్రిక్ మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ మీద భయాలు కాస్త ఎక్కువ. టయోటా ప్రియస్ 1997లో వచ్చినప్పటి నుంచి నడుస్తున్న ఆ పద్ధతిలో గేర్లు మార్చే క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. వేగం తగ్గించే పని సగం మోటారే చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. చూడాల్సింది బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ జాలీ. చాలా మోడళ్ళలో వెనక సీటు దగ్గరుండే ఆ జాలీకి దుమ్మూ బొచ్చూ అడ్డుపడితే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఎలక్ట్రిక్ కారుకు ఒక్కటే పెద్ద ప్రశ్న: రాత్రి నిలిపే చోట ప్లగ్గు ఉందా? లేకపోతే మిగతా చర్చ ఎందుకు? ఉంటే, పాత ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు ఆలోచించదగ్గ బేరమే. బ్యాటరీకి చాలా కంపెనీలు ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, సామర్థ్యం 70 శాతం కిందికి పోతే వర్తించేలా. కాబట్టి ఆరేళ్ళ కారుకు ఇంకా రెండేళ్ళ రక్షణ మిగిలి ఉండొచ్చు. స్క్రీన్ మీద చూపించే రేంజి వెనకటి డ్రైవింగును బట్టి మారుతుంది, దాన్ని నమ్మొద్దు. కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే ఓబీడీ పరికరంతో బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని చదివించాలి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పది నిమిషాలు పెట్టి చూడాలి. బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేని తొలితరం నిస్సాన్ లీఫ్ లాంటి కార్ల బ్యాటరీలు ఎండ ఎక్కువున్న చోట త్వరగా సన్నగిల్లాయి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

'వస్తున్నాం, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి' అని ముందే చెప్పాలి. చెప్పినా సరే, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలే సందర్భాలు తక్కువేం కాదు. 'పక్కకు తీసి పెట్టామండీ' అంటారు. మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పి రావడమే. చల్లటి ఇంజన్ దాచలేనిది వేడి ఇంజన్ దాస్తుంది. స్టార్ట్ చేయగానే నీలి పొగ ఒక్కసారి వచ్చి ఆగితే వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్ళు పోయాయి. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలి పొగయితే పిస్టన్ రింగులు అరిగాయి. ఎంత వేడెక్కినా తగ్గని తియ్యటి వాసన గల తెల్లపొగ అంటే కూలెంట్ లోపల కాలుతోంది.

ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు కనబడితే హెడ్ కింద ఆయిల్‌నూ కూలెంట్‌నూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందని పారిపోయేవాళ్ళున్నారు. తొందరపడొద్దు. చలిలో చిన్న చిన్న ప్రయాణాలే చేసిన కారులో ఆవిరి వల్ల కూడా అది వస్తుంది. అనుమానం తీరాలంటే రేడియేటర్ మీద పెట్టే రసాయన పరీక్ష ఉంది: ఇంజన్‌లో కాలిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే గొట్టంలోని నీలిరంగు ద్రవం పసుపవుతుంది. పది నిమిషాల పని.

చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదంటే లోపం లేనట్టు కాదు. చవకైన ఓబీడీ రీడర్‌తో ఎర్రర్ కోడ్లను ఎవరైనా చెరిపేయగలరు. చెరిపినప్పుడు, కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోతాయి. అవి మళ్ళీ పూర్తవడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణాలు కావాలి. కాబట్టి రీడర్ పెట్టినప్పుడు కోడ్లు లేకపోవడం కన్నా, కారు తనకు తాను చేసుకునే ఆ పరీక్షలు (రీడర్‌లో 'రెడీనెస్') పూర్తయ్యాయా అన్నది చూడాలి. అన్నీ 'పూర్తి కాలేదు' అని వస్తే నిన్నో మొన్నో ఏదో చెరిపారు, లేదా బ్యాటరీ తీసిపెట్టారు. చాలా కార్లు కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా చెబుతాయి.

బాడీ విషయంలో రంగు మెరుపు కంటే బోల్టులు నిజం చెబుతాయి. బానెట్, డోర్లు, ఫెండర్ల బోల్టుల తలల మీద పెయింటు లేచిందంటే వాటిని ఒకసారి విప్పారు. పెయింటు మందం కొలిచే పరికరం ఉంటే కంపెనీ పెయింటు చాలావరకు 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య చూపిస్తుంది. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. ఒక డోరుకు టచప్ చేయడం నేరం కాదు. పిల్లర్ల దగ్గర, పైకప్పు దగ్గర పెద్ద అంకె వస్తే మాత్రం ఆ కారు వద్దు. మునిగిన కారని అనుమానమొస్తే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. కార్పెట్లు మార్చి, సీట్లు ఉతికినవాళ్ళు కూడా బెల్టు చివర బురద గీతను మర్చిపోతారు. డిక్కీలో స్టెప్నీ కింది గుంత, సీటు పట్టాల కింది బోల్టులు కూడా చూడాలి.

ఛాసిస్ నంబరుతో రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం, ఏమైనా పెండింగులో ఉన్నాయేమో వెతకడం ఉచితమే, అయినా చాలామంది వదిలేస్తారు. జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుంటే వదలరు. ఎండకూ తేమకూ లోపలి రసాయనం పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగజిమ్మిన కేసు అది. ఆ కాలపు కార్లు ఎన్నో కంపెనీలవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మార్పిడి కంపెనీ ఉచితంగా చేస్తుంది.

ఇంత చూసేది ఎవరు, అందరూ మెకానిక్‌లా అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా అందులోనే ఉంది. అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్‌కు ఫీజిచ్చి, కారును లిఫ్ట్ మీద ఎక్కించి చూపించాలి. నచ్చిన ప్రతి కారుకూ ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుంది కాబట్టి పైన చెప్పినవాటితో ముందు వడబోసి, చివరికి మిగిలిన ఒకటి రెండిటికే చేయించాలి. మెకానిక్‌ను 'కారు బాగుందా' అని అడిగితే 'బానే ఉంది' అంటాడు. 'వచ్చే రెండేళ్ళలో దీనికి ఏమేం చేయించాలి, ఎంతవుతుంది' అని అడగాలి. ఆ జవాబే బాకీ పట్టీ. లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ ఫీజు కూడా మిగులుతుంది.

ఎంత పాతదాకా పోవచ్చు

ఇప్పటిదాకా చెప్పినదంతా చదివితే, సాదా ఇంజన్, సాదా గేర్ బాక్సు, తెలిసిన బాకీ ఉంటే ఎంత పాత కారైనా సరే అనిపించొచ్చు. నా వాదనకు నేనే వేసుకునే అడ్డుకట్ట ఇక్కడుంది. జారుతున్న కారును ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని కారును, ఎంత చవగ్గా వచ్చినా, కుటుంబానికి కొనకూడదు. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరైంది. మిగతా చోట్ల ఫలానా వేరియంట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. తాళం ఆన్ చేసినప్పుడు జారుతున్న కారు బొమ్మ లైటు వెలిగి ఆరుతుంది. అసలు వెలగకపోతే ఆ వ్యవస్థ లేదు, లేదా లైటు పీకేశారు.

క్రాష్ టెస్టు నక్షత్రాలకు తేదీ ఉంటుంది. ఫియట్ పుంటో 2005లో యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. 2017లో పరీక్షించినప్పుడు దానికి సున్నా వచ్చింది. పరీక్ష కఠినమవుతూ వచ్చింది, కారు మాత్రం చాలావరకు అక్కడే ఆగిపోయింది. పాత అయిదు నక్షత్రాలను కొత్త నాలుగుతో పోల్చి పాతది మేలనుకోకూడదు.

అలాగైతే కొత్త కారే కొనొచ్చు కదా? ఏడాదికి ఎక్కువ తిరిగి, పది పన్నెండేళ్ళు అదే కారు ఉంచుకునేవాళ్ళకు కొత్తదే సరైన లెక్క కావొచ్చు; మొదటి మూడేళ్ళలో పడే విలువ అన్నేళ్ళ మీద పరుచుకుంటుంది. నాలుగేళ్ళకోసారి మార్చే అలవాటున్నవాళ్ళు మాత్రం ఆ పడిపోయే విలువ మొత్తం తామే మోస్తున్నారు.

తెచ్చుకున్నాక

కారు కోసం పెట్టుకున్న డబ్బులో పదిహేను శాతమైనా ముట్టుకోకుండా ఉంచాలి. ధర కాస్త దిగినప్పుడు ఆ మిగిలినదానితో పైవేరియంట్ కొనాలనిపిస్తుంది, అక్కడే చాలామంది జారతారు. మొదటి పక్షంలో బ్రేకులు, టైర్లు. తర్వాత ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బిల్లు లేని టైమింగ్ బెల్టు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ బాక్సు ఆయిల్. తేదీ, రీడింగ్, వేసిన ఆయిల్ గ్రేడు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ మూడో నెలలో చూసుకోవచ్చు.

డబ్బు చేతులు మారేలోపే డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి, జాకీ, చక్రాల లాక్ నట్లు విప్పే ప్రత్యేకమైన తొడుగు ఉన్నాయో లేవో చూడాలి. ఆ తొడుగు గుప్పిట్లో పట్టేంత ఇనుప ముక్క. అది లేకపోతే పంక్చరయిన రోజు రోడ్డు పక్కన చక్రం ఊడదీయడం ఎవరి వల్లా కాదు. అది లేదని ఆ రోజే అడిగితే అమ్మేవాళ్ళు ఇంట్లోనో గ్యారేజీలోనో వెతికి తెచ్చిస్తారు. నెల తర్వాత ఫోన్ చేస్తే అది ఎవరి దగ్గరా ఉండదు.